ఆసుపత్రి దుప్పట్లు

మా ఊరి పేరు రాయను. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో సగం దారిలో దిగి, ఇంకో బస్సెక్కి చేరవలసిన చిన్న పట్టణం అది. ఊరికి పడమటి పక్కన పెద్ద చెరువు ఉండేది. మా వైపు ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్లే. అందుకని కాలువకు నీళ్లు వదిలినప్పుడు చెరువు నింపుకుని, వేసవిలో కాలువ కట్టేశాక ఊరంతా ఆ నీళ్లే తాగేది. పంపుల నీళ్లు వచ్చిన వీధులు రెండో మూడో ఉండేవి. ఆ పంపుల్లో వచ్చేదీ చెరువు నీళ్లే.

చెరువుకు మా వైపున రెండు రేవులు. రాతిమెట్లున్నది మంచినీళ్ల రేవు. దానికి ఇరవై అడుగుల అవతల చాకిరేవు. అది మాది. మా తాత అక్కడే బట్టలుతికాడు, మా నాన్నా అక్కడే. ఊళ్లో ఇళ్ల బట్టలతో పాటు ప్రభుత్వ ఆసుపత్రి దుప్పట్లు కూడా మా ఇంటికే వచ్చేవి. మూల మీద నల్ల అచ్చు ఉన్న తెల్ల దుప్పట్లు. మా వీధిలో ఆ పనికి గౌరవం ఉండేది. నాన్న సైకిలు మీద ఆ మూట పెట్టుకుని వస్తుంటే "ఆసుపత్రాయన" అని పిలిచేవాళ్లు. చిన్నప్పుడు నేనూ మా చెల్లెలూ గట్టు మీద ఆరేసిన దుప్పట్ల మధ్య పరిగెత్తి ఆడుకున్నాం. తడి దుప్పటి మొహానికి తగిలితే చల్లగా ఉండేది.

మా చెల్లెలు నాలుగేళ్లకే పోయింది. ఒక వేసవి పొద్దున వాంతులు మొదలై సాయంత్రానికి ప్రాణం పోయింది. గాలి సోకిందన్నారు. అప్పటికి నాకు పదేళ్లు.

నన్ను నాన్న పట్టుబట్టి చదివించాడు. తెనాలిలో ఇంటర్ అయ్యాక ల్యాబు పని నేర్పే కోర్సులో చేరి, అక్కడే ఒక ప్రైవేటు ల్యాబులో కుదిరాను. రక్తం, మూత్రం, తెమడ పరీక్షలు. ఇంకో ముగ్గురమ్మాయిలతో కలిసి గదిలో ఉండేదాన్ని. ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని.

ఎనభైల మధ్యలో ఒక వేసవి. ఓ ఆదివారం ఇంటికి వచ్చేసరికి నాన్న లేడు. ఆసుపత్రికి వెళ్లాడు, పొద్దుట్నుంచి ఇది మూడోసారి అంది అమ్మ.

"ఆదివారం కూడా దుప్పట్లేంటమ్మా?"

"ఊరంతా వాంతులు, విరేచనాలు. రోజూ మూటలు మూటలు వస్తన్నయ్. మంచాలు సాలక వరండాలో చాపలేశారంట. డాక్టరమ్మగారు నిన్నొకసారి రమ్మన్నారు, మీ నాన్నతో కబురంపారు."

డాక్టరమ్మగారంటే మా ఆసుపత్రిలో మూడేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ. రేపల్లె వైపు లూథరన్ ఉపాధ్యాయుల కుటుంబం. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. చాకలివాళ్లమ్మాయి ల్యాబు కోర్సు చదువుతోందని విని ఒకసారి నన్ను పిలిచి తన పాత పుస్తకాలు రెండు ఇచ్చింది. ఆ మధ్యాహ్నం వెళ్లి కలిశాను. ఆవిడ కళ్ల కింద నల్లబడి ఉంది.

"ల్యాబు పోస్టు ఏడాదిగా ఖాళీగా ఉందమ్మా. మైక్రోస్కోపు బీరువాలో తాళం వేసి ఉంది. ఇది మామూలు విరేచనాలో కలరానో తేల్చి చెప్పేవాళ్లు లేరు. ఒక నెల రాగలవా?"

తెనాలిలో సెలవడిగి మర్నాడే వచ్చేశాను.

ముప్ఫై మంచాల ఆసుపత్రిలో ఎంతమంది ఉన్నారో లెక్క తెలియలేదు. కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు వేలాడగట్టారు. ఒక్కో సీసా కింద ఒక్కో మనిషి. కళ్లు లోపలికి పోయి, వేళ్ల చివర్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. విరేచనం విరేచనంలా ఉండదు. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా పోతుంది. వాసన కూడా నేను అనుకున్నట్టు లేదు, పచ్చి చేప వాసన. ఆయా దుప్పటి మార్చిన పావుగంటకే మళ్లీ తడిసేది. తడిసినవన్నీ వెనక వసారాలో కుప్ప. ఆ కుప్పని నాన్న మూట కట్టుకుని వెళ్లేవాడు.

కరెంటు లేనప్పుడు మైక్రోస్కోపు కిటికీ దగ్గర పెట్టి, అద్దాన్ని ఎండ వైపు తిప్పి చూసేదాన్ని. విరేచనం నమూనా మొదటి చుక్కలోనే పురుగులు కనిపించాయి. చెరువు గట్టు మీద నిలబడితే మన నీడ చూసి చేపపిల్లలు చెల్లాచెదురుగా ఉరుకుతాయి చూడండి, అలా ఉన్నాయి. పుస్తకంలో చదవడం వేరు. డాక్టరమ్మగారు వచ్చి మైక్రోస్కోపుకు కన్ను ఆనించి, చాలాసేపు తల ఎత్తలేదు.

"కలరానే" అంది చివరికి. "నమూనాలు గుంటూరు పంపిద్దాం. వాళ్లూ ఇదే చెప్తారు."

ఈ మాట పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయన తలుపు వేయించాడు. ఆసుపత్రికంతటికీ పై అధికారి ఆయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. కోపం లేదు ఆయన గొంతులో, భయం ఉంది.

"రిజిస్టర్లో ఆ మాట రాయకండి. విరేచనాలు అని రాయండి. కలరా అని పైకి రాస్తే ఎన్ని ప్రశ్నలొస్తాయో మీకు తెలీదు. వైద్యం రెండింటికీ ఒకటే కదా."

మేం అలాగే రాశాం. నేనే రాశాను, నా చేత్తో. మనుషులు చచ్చిపోతున్న జబ్బుకి పేరు రాయడానికి భయపడే చోటు ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

నాలుగో రోజో ఐదో రోజో. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి బయల్దేరాను. చెరువు గట్టు మీదుగా వెళ్తే దగ్గర దారి. ఎండ మండిపోతోంది. చెరువు సగానికి పైగా ఎండి, నీళ్లు మెట్లు దిగిపోయి ఉన్నాయి. పాకుడు పట్టిన రాళ్లు బయటపడ్డాయి. మా రేవులో నాన్న బండ మీద బట్ట బాదుతున్నాడు. అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆసుపత్రి దుప్పటిని జాడిస్తోంది. రెండు కొసలూ పట్టుకుని నీళ్లలో ముంచి లేపుతోంటే, దుప్పట్లోంచి తెల్లటి నీళ్లు మబ్బులా విడిపోతున్నాయి.

అప్పుడు మంచినీళ్ల రేవు మెట్లు దిగి ఒకావిడ వచ్చింది. ఇళ్లకు నీళ్లు మోసి బతికే మనిషి. మా అమ్మని వదినా అని పిలిచేది, నేను అత్తా అనేదాన్ని. చంకలో ఇత్తడి బిందె. నీళ్ల అంచున ఆగి అమ్మ వైపు చూసింది.

"ఓ వదినా! కాసేపు ఆపు. నీళ్లు తేరనీ."

"అట్టాగేనమ్మా" అని అమ్మ దుప్పటి పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆ తెల్లటి మబ్బు మెల్లగా పలచబడి కనపడకుండా పోయింది. అత్త చేత్తో నీటి పైన నాలుగుసార్లు తోసి, బిందె ముంచింది.

ఈ దృశ్యం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నీళ్లకు వచ్చినవాళ్లు ఆగమనడం, మా అమ్మ మర్యాదగా ఆగడం, నీళ్లు తేరడం, వాళ్లు ముంచుకోవడం. మా అమ్మ మంచితనం గురించి ఆ మెట్ల మీదే ఎంతమంది మెచ్చుకున్నారో. ఇరవై రెండేళ్లుగా చూసినదాన్ని ఆ రోజే మొదటిసారి చూశాను. గట్టు దిగి పరిగెత్తాను.

"అత్తా! ఆ నీళ్లు పారబొయ్యి! పారబొయ్యత్తా!"

నెత్తిన పెట్టుకోబోతున్న బిందె పట్టుకుని లాగేశాను. నీళ్లన్నీ ఆవిడ మీదే పోయాయి. ఆవిడ నిర్ఘాంతపోయింది.

"ఏమ్మాయ్, పిచ్చిగానీ పట్టిందా? ఎండన పడి వచ్చావా ఏంటి?"

"ఆ దుప్పట్లలో జబ్బుందత్తా. నీళ్లలో కలిసింది."

"తేరినయ్ గదమ్మా. కళ్ల ముందే తేటగా ఉన్నయ్. సదువుకుంటే సరే, మంది మీద నీళ్లు గుమ్మరిస్తారా?"

ఆవిడ మళ్లీ బిందె ముంచుకుంది. నేను అడ్డం నిలబడితే నన్ను పక్కకు నెట్టేసి మెట్లెక్కింది. "యాడికి తీసుకెళ్తున్నావ్?" అని అరిచాను.

"ఆసుపత్రికి. రోగులకి నీళ్ల డ్రమ్ము నింపాల. ఆలస్యమైపోతంది."

రోగి కింద తడిసిన దుప్పటి చెరువుకు వస్తోంది. చెరువులో నీళ్లు రోగి నోటికి వెళ్తున్నాయి. మధ్యలో మా ఇల్లు ఉంది.

అన్నం తినలేదు. ఆసుపత్రికి తిరిగి పరిగెత్తాను. డాక్టరమ్మగారు ఒక పిల్లకు ఉప్పు పంచదార కలిపిన నీళ్లు చెంచాతో పోస్తోంది. చెప్పాను. ఆవిడ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

"దుప్పట్లు చెరువులోనా?" అంది.

"మరెక్కడండి? ఎప్పుడూ అక్కడే."

"నేను మూడేళ్లుగా చాకలి చీటీల మీద సంతకం పెడుతున్నాను. ఎక్కడ ఉతుకుతారని ఒక్కరోజు అడగలేదమ్మా." గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత వరండాలోకి వెళ్లి, తనే మంచినీళ్ల డ్రమ్ము పట్టుకుని ఒరిగించింది. నీళ్లన్నీ ఆవరణలోకి పోయాయి. ఆయాలు, రోగుల తాలూకు వాళ్లు వింతగా చూశారు. వంటగదిలో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టించి, ఇకనుంచి కాచిన నీళ్లే అని చెప్పింది. తర్వాత నా దగ్గరకు వచ్చింది.

"మీ నాన్నగారికి నేను చెప్పనా?"

"నేనే చెప్తానండి."

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. నాన్న ఇంటి ముందు ఉబ్బ సిద్ధం చేస్తున్నాడు. ఉబ్బ అంటే సోడా నీళ్లలో తడిపిన బట్టలని పెద్ద బాన చుట్టూ పేర్చి, కింద మంట పెట్టి, ఆవిరితో ఉడికించడం. మురికంతా దానితో వదిలిపోతుంది. నేను చెప్పినదంతా విని ఆయన నవ్వాడు.

"ఉబ్బలో పెట్టాక ఏ పురుగు బతుకుద్దే? చెయ్యి పెడితే ఊడిపోద్ది."

"ఉబ్బలో కాదు నాన్నా. దానికి ముందు చెరువులో జాడిస్తారు కదా. అప్పుడే పురుగంతా నీళ్లలోకి పోతుంది."

"జాడించకపోతే ఎట్టా? మరకున్న బట్ట ఆవిరి తగిలితే మరక ఉడికి పట్టేసుద్ది. ఇంక జన్మలో పోదు. ముందు జాడించాల. మా నాన్న అట్టాగే నేర్పాడు. ఆయనకి వాళ్ల నాన్న." కట్టెలు పొయ్యిలోకి తోశాడు. "అంత పెద్ద చెరువే. రెండు దుప్పట్లకి పాడయిపోద్దా?"

"రెండు కాదు నాన్నా. రోజుకు ఎన్ని మూటలు తెస్తున్నావో నీకు తెలుసు. నీళ్లు చూడు ఎంతున్నాయో."

ఆయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట వైపు చూస్తున్నాడు. తల తిప్పకుండానే అడిగాడు.

"మరి చిన్నది?"

మా చెల్లెల్ని చిన్నది అనేవాళ్లం. నేను ఆ మాట ఎత్తలేదు. ఎత్తకూడదనే అనుకుని వచ్చాను. ఆయనంతట ఆయనే ఎత్తాడు.

"తెలీదు నాన్నా. అప్పుడేం జరిగిందో ఇప్పుడెట్టా తెలుస్తుంది?"

"ఆ ఏడు కూడా ఇట్టాగే మూటలొచ్చినయ్" అన్నాడు. "నాకు బాగా గుర్తే. దాన్ని మట్టి చేసొచ్చిన మర్నాడు కూడా మూటొచ్చింది. ఉతికాను."

గుమ్మంలో అమ్మ నిలబడి ఉందని అప్పటిదాకా మేం చూడలేదు. అంతా విన్నది. ఆమె ఏడవలేదు. గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయమేసింది.

"నీళ్లు నీళ్లు అని అడిగింది పిల్ల" అంది. "ఇయ్యలా. విరేచనాల్లో నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుద్దని చెప్పారు అందరూ. నాలిక బయటపెట్టి అడిగింది. చెంబు దాని కంటికి కనపడకుండా దాచాను." తర్వాత నన్ను అడిగింది. "ఇప్పుడు ఆసుపత్రిలో ఏం ఇస్తన్నారే? నీళ్లే ఇస్తన్నారా?"

అబద్ధం చెప్పవచ్చు. ఆమె మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

"అవునమ్మా. ఉప్పు, పంచదార కలిపి నీళ్లే ఇస్తున్నారు. కాచిన నీళ్లు."

అమ్మ తల ఊపింది. లోపలికి వెళ్లి కూర్చుంది. ఆ రోజు ఉబ్బ కింద మంట ఆరిపోయినా ఎవరూ లేచి ఎగదోయలేదు.

మర్నాడు నాన్న ఆసుపత్రికి ఎప్పటిలాగే వెళ్లాడు. మూట కట్టాడు. కానీ సైకిలెక్కించలేదు. వెనక వేపచెట్టు కింద పెట్టి, పెద్ద డాక్టరుగారి గది ముందుకు వెళ్లి నిలబడ్డాడు. నేనూ డాక్టరమ్మగారూ వరండాలో ఉన్నాం.

"అయ్యా, ఇయ్యి చెరువులో ముంచనండి. ఇక్కడే ఒక గాబు కట్టించండి, నీళ్లు పోయే గుంట తవ్వించండి. ఇక్కడే నానేసి, జబ్బు చచ్చాక తీసుకెళ్తాను."

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేమొచ్చింది?"

"ఇన్నేళ్లు తెలవదండి. ఇప్పుడు తెలిసిందండి."

"నువ్వు కాకపోతే ఇంకొకణ్ణి పెడతాం."

"ఆడికీ చెప్తానండి. ఆడు కూడా చెయ్యడండి."

మా నాన్న ఒక ఆఫీసరు మొహాన అంత మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. పెద్ద డాక్టరుగారు కాగితాల్లోకి తల వంచుకున్నాడు. గాబుకు, అంటే ఆ సిమెంటు తొట్టికి, అనుమతి పైనుంచి రావాలన్నాడు.

రెండు రోజులు దుప్పట్లు అక్కడే పడి ఉన్నాయి. ఈగలు ముసిరాయి. రోగుల్ని వట్టి చాపల మీద, తెచ్చుకున్న చీరల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మగారు పెద్ద డాక్టరుగారి గదిలోకి మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ ఎర్రబడ్డ మొహంతో బయటికి వచ్చింది. మూడో రోజు పొద్దున నాన్న, మా బాబాయి పలుగు పార తెచ్చి, ఎవర్నీ అడగకుండా వేపచెట్టుకు ఎడంగా గుంట తవ్వడం మొదలుపెట్టారు. ఎవరూ ఆపలేదు. సిమెంటు గాబుకు బదులు రెండు పాత నూనె డ్రమ్ములు పైభాగం కోసి తెచ్చారు. డాక్టరమ్మగారు బ్లీచింగ్ పొడి తెప్పించింది. ఎంత నీళ్లకు ఎంత పొడి అని ఆవిడ చెబితే, బట్ట చిరగకుండా ఎంతసేపు నానాలో నాన్న చెప్పాడు. ఇద్దరూ డ్రమ్ము మీదకు వంగి మాట్లాడుకుంటుంటే నేను నీళ్లు తోడి పోశాను.

ఆ సాయంత్రమే నీళ్లు మోసే అత్తను రిక్షాలో తెచ్చారు. ఒంట్లో నీరంతా పోయి, చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండిపోతోంది. నన్ను గుర్తుపట్టింది. "నీళ్లు" అంది. పక్కన కూర్చుని చెంచా చెంచా పోశాను. రెండు చేతులకూ సెలైన్ పెట్టారు. మూడు రోజులు ఇటూ అటూ ఊగి బతికింది. ఆవిడ నమూనా కూడా నేనే చూశాను. ఆ చేపపిల్లలే.

వాన పడింది. కాలువ వదిలారు. చెరువులోకి కొత్తనీళ్లు వచ్చాయి. జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ డ్రమ్ముల వల్ల తగ్గిందా, కాచిన నీళ్ల వల్లా, వాన వల్లా అని అడిగితే నేను చెప్పలేను. కొత్తగా వచ్చేవాళ్లు తగ్గి, వరండాలో చాపలు ఎత్తేశారని మాత్రం చెప్పగలను.

అంతా అయిపోయిందనుకున్నాక అసలు దెబ్బ తగిలింది. ఊళ్లో మాట పాకింది. ఆసుపత్రి అని ఎవరూ అనలేదు. "చాకలోళ్లు చెరువులో జబ్బు కలిపారంట" అన్నారు. ఉతకడానికి బట్టలు మాకు వేయడం మానేశారు కొందరు. ఒక పొద్దున లేచి చూస్తే ఇంటి ముందు ఉబ్బ బాన పగిలి ముక్కలై ఉంది. నాన్న వంగి ఆ పెంకులు ఏరాడు. నేనే గుండెలు బాదుకున్నాను. ఈ మాట బయటికి తెచ్చింది నేను. నోరు మూసుకుని ఉంటే బాన పగిలేది కాదు కదా అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం చర్చి అయ్యాక డాక్టరమ్మగారు తెల్ల చీరతో నేరుగా మంచినీళ్ల రేవుకు వచ్చింది. నీళ్లకు వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. ఆవిడకు గట్టిగా మాట్లాడటం అలవాటు లేదు. గొంతు పెంచుకుని చెప్పింది.

"అమ్మా, ఆ దుప్పట్లు మేమిచ్చినవి. జబ్బు మనుషులవి అని తెలిసి ఇచ్చాం. ఎక్కడ ఉతకాలో చెప్పాల్సింది మేము. చెప్పలేదు. తప్పు ఆసుపత్రిది, అందులో నాది కూడా ఉంది. వీళ్లది కాదు. ముందుగా ఆపింది వీళ్లే."

ఒక పెద్దావిడ, "అయితే ఇంతకాలం మేం తాగింది అదేనా తల్లీ?" అని అడిగింది. డాక్టరమ్మగారు అవునండి అంది. ఆ పెద్దావిడ బిందె మెట్టు మీద బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

బట్టలు మెల్లగా తిరిగి రావడం మొదలైంది. నీళ్లు మోసే అత్త మాత్రం మా అమ్మ రేవులో ఉంటే దిగేది కాదు. చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకు వెళ్లేది. అమ్మ పలకరించినా వినపడనట్టు పోయేది. బతికించినదాన్ని నేను, నా మొహం కూడా చూడలేదు. అమ్మ ఆవిణ్ణి తప్పుపట్టలేదు. "నేనాగుతుంటే నమ్మి ముంచుకుంది గదే" అనేది.

ఆరు నెలల్లో డాక్టరమ్మగారికి బదిలీ అయింది. ఎందుకయిందో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు. నాకు కొన్నాళ్లకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చి బాపట్ల వైపు వెళ్లాను. చెరువు చుట్టూ కంచె వేసి, నీళ్లు శుద్ధి చేసే ట్యాంకు కట్టేసరికి తొంభైలు వచ్చాయి. అప్పటికి అమ్మ లేదు.

తొంభైల మొదట్లో బాపట్లలో ఒక నర్సింగ్ హోము వాళ్లు సాయంత్రాలు ల్యాబు చూడమని నన్ను పిలిచారు. పాలరాతి గచ్చు, కొత్త పరికరాలు, అద్దాల తలుపులు. అన్నీ చూపించాక ఇంకేమైనా తెలుసుకోవాలా అని యజమాని అడిగాడు.

"మీ దుప్పట్లు ఎక్కడ ఉతుకుతారండి?"

ఆయన నవ్వాడు. "ఎవరో వచ్చి తీసుకెళ్తారమ్మా. అదంతా మనకెందుకు?"

మర్నాడు పొద్దున ఆ మూట వెంట వెళ్లాను. ఊరి బయట మురుగుకాలువ పంటకాలువలో కలిసే చోట ఒక కుర్ర జంట. ఆ అమ్మాయికి ఇరవై కూడా ఉండవు. పిల్లని ఒడ్డున పడుకోబెట్టి, కాన్పు గది దుప్పట్లు కాలువలో జాడిస్తోంది. నీళ్లు ఎర్రగా పోతున్నాయి. కాలువ దిగువన ఇంకో పల్లె ఉంది. ఆనాడు మా గట్టు మీంచి చూసిందే మళ్లీ చూస్తున్నాను. నాకు ఏం చెప్పాలో తోచలేదు. తిన్నగా బస్సెక్కి మా ఊరు వెళ్లి నాన్నని తీసుకొచ్చాను.

నాన్నకి అప్పటికి అరవై దాటాయి. కాలువ ఒడ్డున ఆ జంట పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇయ్యి ఏ గదిలోవో నీకు చెప్పారా?"

"లేదండి తాతగారూ. ఉతకమన్నారు, ఉతుకుతున్నాం."

"నీ చేతులకి పుళ్లున్నయ్యే. అట్టా తాకొద్దు." ఆ అబ్బాయితో కలిసి వాళ్ల గుడిసె వెనక గుంట ఎక్కడ తవ్వాలో గీత గీశాడు. పొడి ఎంత కలపాలో, ఎంతసేపు నానాలో, ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తర్వాత నాతో నర్సింగ్ హోముకు వచ్చి యజమానితో మాట్లాడాడు. గాబు ఆవరణలోనే ఉండాలని ఆయన చెబితే, యజమాని చూద్దామన్నాడు. చూడటానికి ఆరు నెలలు పట్టింది. ఈలోగా నేను అక్కడ చేరలేదు.

ఆ రోజు తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూశాడు. కొత్తగా లేచిన నర్సింగ్ హోముల బోర్డులు కనిపిస్తున్నాయి. నా వైపు తిరిగి అడిగాడు.

"తెనాలిలో ఎన్ని ఉన్నయ్యే ఇట్టాంటి ఆసుపత్రులు?"

"చాలా ఉన్నాయి నాన్నా."

"రేపల్లెలో?"

వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యలో ఆగిపోయాను. "అన్నింటి దుప్పట్లూ ఏదో ఒక కాలవకే పోతుంటయ్ గదే" అన్నాడు నాన్న.